వర్డ్ ఫైల్లో అధ్యాయం మారితే హెడర్‌లో (పేజీ పై అంచులో) పేరు మారాలి, పేజీ నంబరు మొదటి అధ్యాయం నుంచే రావాలి. ఎలా?

మీ రిపోర్టు గోదావరి డెల్టా కాలువల మీద. అట్ట, విషయసూచిక, ఆ తర్వాత తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు అధ్యాయాలు. ఒకచోట హెడర్ మారిస్తే అంతటా మారిపోతోందని, పవర్‌పాయింట్ స్లైడ్లలో కొన్నింటికే నంబరు వస్తోందని అడిగారు.

అంతటా మారిపోతోందంటే ఫైలంతా ఒకే సెక్షన్‌లో, అంటే ఒకే హెడర్ ఉండే ఒకే భాగంగా, ఉందని అర్థం. పేజ్ బ్రేక్ ఎన్ని పెట్టినా సెక్షన్ మారదండి. మొదటి అధ్యాయం శీర్షిక ముందు కర్సర్ పెట్టి లేఅవుట్, బ్రేక్స్‌లోకి వెళ్లి, సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న నెక్స్ట్ పేజ్ నొక్కండి. ఆ పేజీ ఫుటర్ (అడుగు అంచు) మీద డబుల్ క్లిక్ చేసి, ముందు సెక్షన్‌తో కలిపి ఉంచే లింక్ టు ప్రీవియస్ ఆపేయండి. హెడర్ లింకు వేరు, ఫుటర్ లింకు వేరు, రెండూ తెంపాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు: అట్ట మీద నంబరు ముందు చెరిపి, తర్వాత లింకు తెంపుతారు. అప్పటికే అధ్యాయాల్లోనూ నంబరు పోయి ఉంటుంది. ముందు తెంపడం, తర్వాతే చెరపడం. ఆపైన పేజ్ నంబర్, ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో స్టార్ట్ ఎట్ దగ్గర 1 ఇవ్వండి.

అధ్యాయం పేరు కోసం మాత్రం మూడు సెక్షన్లు చెయ్యకండి, తర్వాత దిద్దలేక చస్తారు. మూడు శీర్షికలకీ హెడింగ్ 1 స్టైల్ ఇచ్చి, హెడర్‌లో ఇన్సర్ట్, క్విక్ పార్ట్స్, ఫీల్డ్, స్టైల్‌రెఫ్, హెడింగ్ 1 ఎంచుకోండి. ఏ పేజీలో ఏ అధ్యాయం నడుస్తుంటే ఆ పేరు దానంతటదే వస్తుంది. పేరు బదులు ఎర్రర్ కనిపిస్తే శీర్షికను స్టైల్‌తో కాకుండా బోల్డ్ చేసి పెద్దక్షరాలతో వదిలేశారన్నమాట.

కాలువల మ్యాపు అడ్డంగా పెట్టాలంటే దాని ముందూ వెనకా సెక్షన్ బ్రేక్ తప్పదు. ఆ పేజీలో కుడివైపు ఉండాల్సిన నంబరు మధ్యలోనే ఆగిపోతుంది, ఎందుకంటే మామూలు ట్యాబ్ నిలువు పేజీ కొలతకే కట్టుబడి ఉంటుంది. ఆ ట్యాబ్ తీసేసి ఇన్సర్ట్ అలైన్‌మెంట్ ట్యాబ్‌లో రైట్ ఇస్తే అంచుదాకా జరుగుతుంది.

తెలుగు హెడర్‌కి ఇంకో చిక్కుంది. లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్‌లీ అని 12 పాయింట్లో, అంతకంటే తక్కువో ఉంటే ‘ధవళేశ్వరం’లో వ వత్తు అడుగు తెగిపోతుంది. ఫాంటు తప్పు కాదది. సింగిల్‌కి మార్చండి, వత్తు నిండుగా కనిపిస్తుంది.

ఇక పవర్‌పాయింట్. స్లైడుకి హెడర్ ఉండదు. తేదీ, ఫుటర్, నంబరు మాత్రమే. హెడర్ నోట్స్‌కీ హ్యాండౌట్స్‌కీ. ఇన్సర్ట్, హెడర్ అండ్ ఫుటర్‌లో స్లైడ్ నంబర్ టిక్ పెట్టి అప్లై టు ఆల్ కొట్టినా కొన్ని స్లైడ్లకి రాలేదంటే ఆ లేఅవుట్‌లో నంబరు పెట్టెను ఎవరో చెరిపేశారు. వ్యూ, స్లైడ్ మాస్టర్‌లో ఆ లేఅవుట్ ఎంచుకుని పైన ఫుటర్స్ టిక్ మళ్లీ పెట్టి, బయటికొచ్చి అప్లై టు ఆల్ ఇంకోసారి కొట్టండి. మాస్టర్‌లో కనిపించే ‹#› గుర్తు చెరిపి అంకె టైపు చేస్తే మాత్రం ప్రతి స్లైడుకీ అదే అంకె.

జిరాక్స్ షాపుకి వర్డ్ ఫైలు కాదు, పీడీఎఫ్ ఇవ్వండి. అక్కడి కంప్యూటర్లో మీ ఫాంటు లేకపోతే వరసలు జరిగి ఫుటర్ కిందికి పోతుంది.