సేఫ్టీ కాలేజీ వెతికేటప్పుడు ముందు భాషా విభాగం చూడు

చిరంజీవి స్ఫూర్తికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కాలేజీల జాబితా చూశాను. పొలిటికల్ సైన్స్‌తోపాటు అరబిక్, స్పానిష్ భాషలు కూడా చదవాలంటున్నావు. పైన తొమ్మిది పెద్ద పేర్లు రాసి, కింద మూడింటిని సేఫ్టీలన్నావు. సేఫ్టీ అంటే సీటు ఖాయంగా వచ్చి, ఖర్చు భరించగలిగి, కోరుకున్న చదువు పూర్తి చేయగలిగే కాలేజీ. ఆ మూడూ సేఫ్టీలు కావమ్మా. ఒకదాంట్లో సీటు ఖాయం కాదు. ఇంకోదాని ఖర్చు మీ నాన్న చెప్పిన అంకె దాటిపోతుంది. మూడోదాంట్లో సీటూ వస్తుంది, డబ్బూ సరిపోతుంది, కానీ అరబిక్ రెండో ఏడుతో ఆగిపోతుంది. ఈ మూడో చిక్కు చాలామందికి చేరాక గానీ తెలియదు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

పొలిటికల్ సైన్స్ గురించి బెంగ పెట్టుకోకు. అమెరికాలో చిన్నాపెద్దా కాలేజీలు దాదాపు అన్నింట్లో అది ఉంటుంది. భాషల సంగతి అలా కాదు. కాబట్టి జాబితాను ముందు భాషతో వడపొయ్యి. పొలిటికల్ సైన్స్ ఆ తర్వాత చూడొచ్చు.

ఎందుకో లెక్క చెబుతాను. అమెరికా దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనాలో స్పానిష్, ఫ్రెంచ్‌లకు సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు కావాలి. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్‌లకు 2,200. కాలేజీలో వారానికి 5 గంటలు, సెమిస్టరుకు 15 వారాలు వేసుకో. ఏడాదికి 150, నాలుగేళ్లకు 600 గంటలవుతాయి. స్పానిష్‌కి సరిపోతుంది. అరబిక్‌కి పావు వంతు దాటుతుందంతే. మిగతాది వేసవి ఇంటెన్సివ్ కోర్సుల్లోనూ, విదేశంలో గడిపే సెమిస్టర్లలోనూ సంపాదించుకోవాలి. నాలుగో ఏడు వరకూ క్లాసులు నడపని కాలేజీ ఆ 600 కూడా ఇవ్వలేదు.

పైగా ఉన్న విభాగాలే మూతపడుతున్నాయి. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 2023లో 28 మేజర్లు (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టులు) ఎత్తేసింది, విదేశీ భాషల డిగ్రీలు వాటితోపాటే పోయాయి. ఇండియానాలో 2025లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ కోర్సుకు మూడేళ్ల సగటున ఏటా 15 మంది పట్టభద్రులు ఉండాలి. లేకపోతే ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి, లేదా మూసేయాలి. ఒహాయోలో అదే ఏడు చేసిన చట్టం ఆ గీతను 5 దగ్గర గీసింది. భాషా మేజర్లలో ఏడాదికి ముగ్గురో నలుగురో బయటికొచ్చే చోట్లు చాలా ఉంటాయి, ఇలాంటి గీతలకు ముందు బలయ్యేది అవే.

కాబట్టి ప్రతి కాలేజీకీ ఈ పని చెయ్యి. కాలేజీ నావిగేటర్ అనే ఫెడరల్ సైటులో కాలేజీ పేరు కొట్టి మేజర్ల పట్టిక తెరిస్తే, ఒక్కో మేజర్‌లో ఎంతమందికి డిగ్రీ ఇచ్చారో కనబడుతుంది. ఐదులోపు ఉంటే ఆ కాలేజీ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకో. ఆ తర్వాత కాలేజీ సొంత క్లాసు షెడ్యూల్లో గడిచిన నాలుగు సెమిస్టర్లూ వెతుకు. కేటలాగ్‌ను నమ్మకు, అందులో పదేళ్లుగా నడవని కోర్సులు కూడా దర్జాగా కూర్చుని ఉంటాయి. మూడో ఏడు, నాలుగో ఏడు అరబిక్ నిజంగా నడిచిందా, ఎంతమంది చేరారు, పాఠం చెప్పింది ఎవరు అన్నది చూడు. అన్ని క్లాసులకూ ఒకే పేరు ఉంటే ఆ మనిషి వెళ్లిపోయిన రోజున మేజర్ కూడా వెళ్లిపోతుంది. చివరగా విభాగానికి ఒక మెయిల్ పెట్టు. చాలినంత మంది చేరకపోతే పై క్లాసు రద్దు చేస్తారా, అలా రద్దయితే డిగ్రీకి కావలసిన కోర్సు ఎలా పూర్తి చేయిస్తారు అని అడుగు. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబనుకో.

నీ స్పానిష్‌కి ఇంకో మెలిక ఉంది. హైస్కూల్లో నాలుగేళ్లు చదివి, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) కూడా రాసినవాళ్లు, ఏ స్థాయి క్లాసులో చేరాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్షలో చాలాసార్లు నేరుగా మూడో ఏడు క్లాసులో పడతారు. చిన్న కాలేజీలో రెండేళ్లకే చదవడానికి కోర్సులు అయిపోతాయి.

అరబిక్‌కి ఫ్లాగ్‌షిప్ కార్యక్రమం ఉన్న చోట్లు విడిగా చూడు. రక్షణ శాఖ నిధులతో కొన్ని యూనివర్సిటీల్లో కీలక భాషలను పైస్థాయి దాకా నేర్పే ఏర్పాటు ఇది. మిసిసిపీ యూనివర్సిటీలో అరబిక్, చైనీస్ రెండింటికీ ఇలా నడిపారు. నిధులు ఏటికేడు మారతాయి కాబట్టి నువ్వు చేరే ఏటికి ఉన్నాయో లేదో అడిగి తెలుసుకో. నువ్వున్న జార్జియాకి అకడమిక్ కామన్ మార్కెట్ అనే సదుపాయం కూడా ఉంది. మీ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో లేని మేజర్ ఇంకో దక్షిణాది రాష్ట్రంలో ఉండి, ఆ మేజర్ ఈ జాబితాలో నమోదై ఉంటే, అక్కడి స్థానికులు కట్టే ట్యూషన్ ఫీజే (కాలేజీ చదువు ఫీజు) నువ్వూ కడతావు. అరుదైన భాషలు చదివేవాళ్లకు బాగా పనికొస్తుంది. మేజర్ మార్చుకుంటే మాత్రం ఆ రాయితీ పోతుంది.

ఇక డబ్బు. సాయం పోను మీరు కట్టాల్సింది ఎంతో అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ కాలేజీ సైటులో ఉంటుంది, దాన్ని మీ అమ్మానాన్నలతో కూర్చుని నింపు. ఆదాయం ఊహించి రాయొద్దు, ట్యాక్స్ రిటర్న్ ముందు పెట్టుకో. మీ నాన్నకు అద్దెకిచ్చిన ఇల్లుంది కదా, అలాంటి ఆస్తులున్నప్పుడు ఈ లెక్క తప్పడం మామూలే. వచ్చిన అంకెలోంచి లోన్, వర్క్ స్టడీ (చదువుతూ చేసే ఉద్యోగం జీతం) తీసేసి చూపిస్తున్నారేమో గమనించు, అవి తగ్గింపు కాదు. స్కాలర్‌షిప్ పెరగదు, ఫీజు పెరుగుతుంది. మొత్తం ఖర్చు 44,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 20,000 అనుకుందాం. మొదటి ఏడు 24,000 కడతారు. ఖర్చు ఏటా 4 శాతం పెరిగితే నాలుగేళ్లకు 96,000 కాదు, దాదాపు 1,06,800 అవుతుంది. మీ నాన్న చెప్పిన అంకెతో పోల్చాల్సింది ఈ రెండోదాన్ని.

జార్జియాలోనే ఉంటే రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి 3.0 జీపీఏ (గ్రేడుల సగటు) కావాలి. అది స్కూల్ ఇచ్చే జీపీఏ కాదు, కోర్ సబ్జెక్టులతో రాష్ట్రం వేసే లెక్క, కాబట్టి ఇప్పుడే చూసుకో. ట్యూషన్‌కి వస్తుంది, హాస్టలుకీ భోజనానికీ రాదు. 127 క్రెడిట్ గంటలతో (కోర్సులను లెక్కగట్టే కొలత) ఆగిపోతుంది. వేరే కాలేజీల మెరిట్ స్కాలర్‌షిప్‌లు మామూలుగా ఎనిమిది సెమిస్టర్లకే ఇస్తారు. రెండు మేజర్లు చేస్తూ విదేశంలో ఏడాది గడిపితే తొమ్మిదో సెమిస్టరు తగలడం తేలిక. ఆ ఒక్క సెమిస్టరూ పూర్తి ధరకు కట్టాల్సి వస్తే నాలుగేళ్ల పొదుపూ గంగలో కలిసినట్టే. విదేశంలో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ వర్తిస్తుందా అని కూడా మెయిల్లోనే అడిగి, జవాబు దాచుకో. రెండు కాలేజీల మధ్య విద్యార్థుల మార్పిడి అయితే సాధారణంగా వర్తిస్తుంది. బయటి సంస్థ నడిపే ప్రోగ్రాం అయితే వర్తించకపోవడమే ఎక్కువ.

సీటు సంగతి త్వరగా తేలుతుంది. జార్జియా మ్యాచ్ పేరుతో హైస్కూలు చివరి ఏటి విద్యార్థులకు వచ్చే ఉత్తరంలో నీకు అర్హత ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. అందులో యూజీఏ (జార్జియా యూనివర్సిటీ), జార్జియా టెక్ ఉండవు, వాటిని సేఫ్టీలని ఎవరన్నా నమ్మకు. బయటి రాష్ట్రాల్లో అలబామా యూనివర్సిటీ లాంటివి జీపీఏ, టెస్ట్ స్కోరును బట్టి ఎంత ఇస్తారో పట్టిక వేసి చూపిస్తాయి. అలాంటి చోట ముందే లెక్క తేలుతుంది. పోటీ పడి గెలిచే స్కాలర్‌షిప్ మీద ఆధారపడితే అది సేఫ్టీ కాదు. కాలేజీలు తమ ప్రవేశాల వివరాలు ప్రచురించే కామన్ డేటా సెట్‌లో సీ7 పట్టిక చూస్తే, నువ్వు చూపే ఆసక్తిని లెక్కలోకి తీసుకుంటారో లేదో తెలుస్తుంది. తీసుకునే చోట ఒక్క మెయిల్ కూడా పెట్టని మంచి మార్కుల విద్యార్థిని పక్కన పెట్టగలరు. దరఖాస్తుల గడువు జనవరి అని ఊరుకోకు, మెరిట్ స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో ముగుస్తుంది.

నీ స్నేహితురాలు హెచ్-4 వీసా (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చేది) మీద ఉందన్నావు. ఈ ఉత్తరం తనకు అలాగే వర్తించదు. హోప్ రాదు, ఫెడరల్ సాయం రాదు, విదేశంలో భాషలు చదవడానికిచ్చే బోరెన్, క్రిటికల్ లాంగ్వేజ్ స్కాలర్‌షిప్‌లు అమెరికా పౌరులకే. 21 నిండితే వీసా మారుతుంది, దాంతోపాటు స్థానికుల ట్యూషన్ మారుతుందా అని తను ప్రతి కాలేజీనీ విడిగా అడగాలి.

పొలిటికల్ సైన్స్‌లో రెండే చూడు. గణాంకాలతో పరిశోధన పద్ధతుల కోర్సు తప్పనిసరిగా ఉందా, నీ భాష మాట్లాడే ప్రాంతం రాజకీయాలు చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా. మధ్యప్రాచ్యం తెలిసినవాళ్లు లేనిచోట నీ అరబిక్ పొలిటికల్ సైన్స్‌తో ఎక్కడా కలవదు.

ఆ మూడు పేర్లూ కొట్టేసి కొత్తవి రెండు వెతుకు, ఎక్కువ అక్కర్లేదు. ఒక్కోదానికీ డిగ్రీల సంఖ్య, నాలుగు సెమిస్టర్ల పై క్లాసులు, నాలుగేళ్ల మొత్తం ఖర్చు, మెరిట్ గడువు ఒక షీట్లో రాసి పంపు. ఏ కాలేజీకి వెళ్లాలో తేల్చుకోవాల్సిన మే 1కి మిగతావేవీ రాకపోయినా అక్కడికి సంతోషంగా వెళ్లగలవా అనే గడి కూడా పెట్టు. అది మాత్రం మీ నాన్న నింపకూడదు, నువ్వే నింపు.

ఇట్లు,
పెద్దమ్మ