టెక్సాస్ ఇన్సూరెన్స్ లైసెన్సు పరీక్ష: 64 దగ్గర ఆగిన మార్కులు ఎక్కడ పోయాయి?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఎల్ఐసీ ఏజెంటుగా పనిచేశాను. ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. హెచ్4 ఈఏడీ (హెచ్4 వీసా మీద పని చేసుకునే అనుమతి కార్డు) ఉంది. లైఫ్, హెల్త్ లైసెన్సు పరీక్ష రాస్తే 64 వచ్చింది. నన్ను ఇందులో చేర్పించిన ఏజెన్సీవాళ్లు ఇచ్చిన 600 ప్రశ్నలు నోటికి వచ్చేదాకా చదివాను. అయినా ఎందుకు తప్పాను? మళ్లీ ఎలా చదవాలి? మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా. ఆయన్ని కూడా లైసెన్సు తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు మీవారి సంగతి చెబుతాను. అక్కడ పొరపాటు జరిగితే వీసాకే ఎసరు వస్తుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తమకు వీసా తీసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. పరీక్ష రాసి పాసవడం పని కిందికి రాదు. పాలసీ అమ్మి కమిషన్ తీసుకోవడం మాత్రం పనే. ‘ఆయన మాట్లాడతారు, కమిషన్ మీ పేరున పడుతుంది’ అని ఎవరైనా దారి చూపిస్తే ఒప్పుకోకండి. అమ్మింది ఆయనైతే చెక్కు మీద ఎవరి పేరున్నా అది ఆయన చేసిన పనే. కింద మనుషుల్ని చేర్చి వాటా తీసుకోవడమూ అంతే. ఆయన తరఫున ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి, చేర్పించేవాళ్లను కాదు. మీ హెచ్4 ఈఏడీకి ఈ కట్టుబాటు లేదు. ఉద్యోగమైనా, సొంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. కార్డు మీది గడువు దాటితే మాత్రం అమ్మకం ఆపాల్సిందే కాబట్టి రెన్యువల్‌కు వీలైనంత ముందు దరఖాస్తు పెట్టుకోండి.

ఇక పరీక్ష. మన దగ్గర ఏజెంటు పరీక్షలో 35 శాతం వస్తే గట్టెక్కుతాం. టెక్సాస్‌లో 70 రావాలి. నూటికి పైగా ప్రశ్నలుంటాయి. వాటిలో కొన్నింటికి మార్కులే ఉండవు, కొత్త ప్రశ్నల్ని పరీక్షించి చూసుకోవడానికి మధ్యలో కలుపుతారు. అవి ఏవో మీకు తెలియదు కనుక ఎన్నడూ చూడని ప్రశ్న తగిలితే బెదిరిపోకుండా ముందుకు సాగండి. 600 ప్రశ్నలు బట్టీ పట్టినా 64 దగ్గర ఆగడానికి కారణం ఉంది. అసలు పరీక్షలో మాటలు మారతాయి. ‘కిందివాటిలో ఏది కాదు’, ‘ఏది తప్ప’ అని తిరగేసి అడుగుతారు. నాలుగు జవాబుల్లో రెండు నిజమే అయి ఉంటాయి, అడిగిన దానికి సరిపోయేది ఒక్కటే. జవాబు గుర్తున్నవాళ్లు అక్కడే జారతారు, నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు నిలబడతారు.

మీ ఎల్ఐసీ అనుభవం మీకు బలం. కొన్నిచోట్ల అదే దెబ్బ కొడుతుంది. మన దగ్గర మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ లైఫ్ పాలసీకి ఆ గడువు రెండేళ్లు. ఆత్మహత్యకు పూర్తి డబ్బు రాని గడువు మనకు 12 నెలలు, ఇక్కడ రెండేళ్లు. నామినీ, బెనిఫిషరీ ఒకటే అనుకోవడం ఇంకా పెద్ద చిక్కు. ఇక్కడ బెనిఫిషరీకి డబ్బు సొంత హక్కుగా వస్తుంది. మొదటి వరుస, రెండో వరుస అని ఉంటారు. ఎప్పుడైనా మార్చగలిగే బెనిఫిషరీ వేరు, ఆ మనిషి సంతకం లేకుండా మార్చలేని బెనిఫిషరీ వేరు. రెండో రకానికి పేరు రాశాక పాలసీ మీద అప్పు తీసుకోవాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలి. ఈ ఒక్క తేడా మీద రెండు మూడు ప్రశ్నలు పడటం మామూలే. డివిడెండును మన బోనస్‌తో కలపకండి. కట్టిన ప్రీమియంలో మిగిలింది తిరిగి ఇచ్చినట్టు లెక్క కాబట్టి దానికి పన్ను లేదు. దాన్ని కంపెనీ దగ్గరే ఉంచితే వచ్చే వడ్డీకి పన్ను ఉంది. ప్రశ్న ఆ వడ్డీ దగ్గరే ఉంటుంది.

మొదటి ప్రీమియం ఏజెంటే కట్టడం, కమిషన్‌లో కొంత వెనక్కి ఇవ్వడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. అక్కడా 41వ సెక్షన్ కింద అది నేరమే, ఇక్కడ కూడా రిబేటింగ్ పేరుతో నిషేధం. అబద్ధాలు చెప్పి ఉన్న పాలసీ మాన్పించి కొత్తది అంటగడితే ట్విస్టింగ్. పాత పాలసీలోని విలువ లాగి అదే కంపెనీలో అనవసరంగా కొత్త పాలసీలు రాయిస్తూ పోతే చర్నింగ్. మూడింటికీ ఒక్కో ఉదాహరణ మీరే రాసుకోండి. ప్రశ్న ఎప్పుడూ సంఘటన రూపంలో వస్తుంది, పేరు మీరు చెప్పాలి.

మార్కులు ఎక్కువగా పోయేది హెల్త్ భాగంలో. లైఫ్ మీకు అలవాటు కాబట్టి చదివిన సమయమంతా అటే పోయి ఉంటుంది. ఇందులోని అంకెల్ని పట్టికలా కాకుండా ఒక మనిషి కథలా వరస పెట్టుకోండి. ప్రీమియం గడువు దాటింది. వారానికి కట్టే పాలసీకి 7 రోజులు, నెలనెలా కట్టేదానికి 10, మిగతావాటికి 31 రోజుల గ్రేస్ (అదనపు గడువు). అదీ దాటి పాలసీ ల్యాప్స్ అయింది. మళ్లీ దరఖాస్తు పెట్టాడు. కంపెనీ 45 రోజులు ఏమీ చెప్పకపోతే పాలసీ తనంతట తానే తిరిగి అమల్లోకి వచ్చినట్టు. వచ్చిన తర్వాత ప్రమాదం జరిగితే ఆ క్షణం నుంచే రక్షణ ఉంటుంది, జబ్బుకు మాత్రం 10 రోజులు ఆగాలి. ఎందుకంటే ప్రమాదాన్ని ముందే పసిగట్టి ఎవరూ పాలసీ బతికించుకోరు, ఒంట్లో బాగాలేనివాళ్లు బతికించుకుంటారు. ఈ కారణం అర్థమైతే ఆ 10 అంకె ఇక మరిచిపోరు. ఆ మనిషికే నష్టం జరిగితే 20 రోజుల్లో కంపెనీకి తెలియజేయాలి. తెలిపాక 15 రోజుల్లో కంపెనీ ఫారాలు పంపాలి. నష్టం రుజువులు 90 రోజుల్లో ఇవ్వాలి. రుజువులిచ్చాక 60 రోజులు గడవకుండా కోర్టుకు వెళ్లకూడదు, మూడేళ్లు దాటాకా వెళ్లకూడదు. కంపెనీకి పరిశీలించే వ్యవధి ఉండాలి, సాక్ష్యాలు చెదిరిపోకముందే తేలాలి. ఈ కథను తెల్ల కాగితం మీద చూడకుండా రాయగలిగేదాకా రోజూ రాయండి.

లెక్కల ప్రశ్నలు కొన్నే, అయినా తేలికగా వచ్చే మార్కులు. బిల్లు 11,000 డాలర్లు, డిడక్టిబుల్ (ముందుగా రోగే కట్టాల్సిన మొత్తం) 1,000, కో-ఇన్సూరెన్స్ (మిగిలినదాన్ని కంపెనీ, రోగి పంచుకునే లెక్క) 80/20 అనుకోండి. ముందు డిడక్టిబుల్ తీసేయాలి. మిగిలిన 10,000లో 20 శాతం, అంటే 2,000 రోగిది. మొత్తం రోగి కట్టేది 3,000, కంపెనీ కట్టేది 8,000. చాలామంది 11,000 మీద 20 శాతం వేసి 2,200 అంటారు. ఆ తప్పు జవాబు కూడా నాలుగింటిలో సిద్ధంగా ఉంటుంది.

కోబ్రా (ఉద్యోగం పోయినా కంపెనీ గ్రూప్ హెల్త్ ప్లాన్‌లో కొనసాగే వీలిచ్చే చట్టం) గురించి: 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు వర్తిస్తుంది. ఉద్యోగం పోతే 18 నెలలు. ఉద్యోగి చనిపోయినా, విడాకులైనా కుటుంబానికి 36 నెలలు. ప్రీమియం 102 శాతం దాకా వసూలు చేయొచ్చు, ఆ రెండు శాతం నిర్వహణ ఖర్చు. లాంగ్ టర్మ్ కేర్ (దీర్ఘకాల సంరక్షణ) పాలసీలో స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మంచం మీంచి లేచి కుర్చీకి మారడం, మరుగుదొడ్డి వాడటం, మలమూత్రాల మీద అదుపు, ఈ ఆరింటిలో రెండు సొంతంగా చేసుకోలేకపోతే ప్రయోజనం మొదలవుతుంది. మెడికేర్‌లో (ముఖ్యంగా 65 నిండినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ ‘ఎ’ హాస్పిటల్ ఖర్చు, ‘బీ’ డాక్టర్ల ఖర్చు, ‘సీ’ ప్రైవేటు కంపెనీల ప్లాన్లు, ‘డీ’ మందులు. మెడికేర్ కట్టని ఖర్చులకు తీసుకునే మెడికేర్ సప్లిమెంటు పాలసీని ఆరోగ్య ప్రశ్నలు లేకుండా కొనుక్కునే ఆరు నెలలు 65 నిండి పార్ట్ బీ మొదలైన నెల నుంచి లెక్క. పరీక్షతో పని లేకపోయినా ఒక మాట. గ్రీన్ కార్డు చేతికి రాగానే అమ్మానాన్నలకు మెడికేర్ వచ్చేస్తుందని మనవాళ్లు చాలామంది నమ్ముతారు. ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్లకు 65 నిండి, శాశ్వత నివాసిగా వరుసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటేనే కొనుక్కునే వీలుంటుంది. రేపు మిమ్మల్ని మొదట అడిగేది ఇదే.

లైఫ్‌లో మీకు కొత్తవి నాలుగైదు. యూనివర్సల్ లైఫ్‌లో (ప్రీమియం మార్చుకునే వీలున్న లైఫ్ పాలసీ) ‘ఎ’ ఆప్షన్‌కు మరణ ప్రయోజనం మారకుండా ఉంటుంది, ‘బీ’ ఆప్షన్‌కు క్యాష్ వాల్యూతో (పాలసీలో పోగయ్యే సొమ్ముతో) పాటు పెరుగుతుంది. మొదటి ఏడేళ్లలో పరిమితికి మించి ప్రీమియం పోస్తే పాలసీ ఎంఈసీ (మోడిఫైడ్ ఎండోమెంట్ కాంట్రాక్టు, అంటే పన్ను రాయితీ తగ్గిన పాలసీ) అయిపోతుంది. అప్పుడు 59½ ఏళ్లలోపు తీసుకున్న లాభం మీద పన్నుతో పాటు 10 శాతం జరిమానా. పన్ను చట్టం 1035వ సెక్షన్ కింద పాలసీ మార్పిడి పన్ను లేకుండా లైఫ్ నుంచి యాన్యుటీకి (విడతలుగా ఆదాయం ఇచ్చే పథకానికి) వెళ్తుంది, యాన్యుటీ నుంచి లైఫ్‌కు రాదు. వేరియబుల్ పాలసీలు (మార్కెట్ పెట్టుబడులను బట్టి విలువ మారేవి) అమ్మాలంటే ఈ లైసెన్సు ఒక్కటే చాలదు, సెక్యూరిటీస్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. కండిషనల్ రసీదు (దరఖాస్తుతో పాటే ప్రీమియం కడితే షరతు మీద ఇచ్చే రసీదు) ప్రశ్న తప్పకుండా సాధన చేయండి. దరఖాస్తు, మొదటి ప్రీమియం మార్చి 3న ఇచ్చాడు, మెడికల్ 9న అయింది, 12న చనిపోయాడు. పాలసీ ఇంకా ముద్రణ కాలేదు. కంపెనీ నియమాల ప్రకారం అతను పాలసీకి అర్హుడైతే రక్షణ 9 నుంచే ఉన్నట్టు, డబ్బు ఇవ్వాలి. రెండు తేదీల్లో తర్వాతిది లెక్క.

టెక్సాస్ చట్టం భాగాన్ని చివరి రాత్రికి వదిలేయకండి. వేరే రాష్ట్రాల వీడియోలు చూసి చదివితే ఇక్కడే దెబ్బతింటారు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ కమిషనర్‌ను ప్రజలు ఎన్నుకుంటారు, టెక్సాస్‌లో గవర్నర్ నియమిస్తారు. కంపెనీ మునిగితే ఆదుకునే గ్యారంటీ అసోసియేషన్ ఉందని చూపించి పాలసీ అమ్మకూడదన్న నియమం చూసుకోండి. పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ వాళ్ల అభ్యర్థుల కరపుస్తకంలో ఏ అధ్యాయం నుంచి ఏమేం అడుగుతారో ఉంటుంది. మీ స్కోర్ రిపోర్టును దాని పక్కన పెట్టుకుని బలహీనమైన అధ్యాయాల నుంచే మొదలుపెట్టండి.

టెక్సాస్‌లో ఈ లైసెన్సుకు ముందస్తు తరగతి తప్పనిసరి కాదు. రోజుకు గంటన్నర కుదిరితే ఐదు వారాలు పెట్టుకోండి. మొదటి రెండు హెల్త్‌కు, మూడోది లైఫ్‌లో కొత్తవాటికి, నాలుగోది టెక్సాస్ చట్టానికి, చివరిది పూర్తి నమూనా పరీక్షలకు. పదాలు ఇంగ్లీషులోనే గుర్తుంచుకోండి, అర్థం మాత్రం పక్కింటావిడకు చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పుకోండి. తప్పిన ప్రతి ప్రశ్నకూ మిగతా మూడు జవాబులు ఎందుకు కావో నోటుబుక్కులో ఒక్కో వాక్యం రాయండి. మునుపు చూడని నమూనా పరీక్షల్లో వరుసగా మూడుసార్లు 85 దాటాకే తేదీ తీసుకోండి. చూసిన ప్రశ్నల మీద వచ్చే 95ను నమ్మొద్దు.

పరీక్షను ఇంటి నుంచి కూడా రాయొచ్చు గానీ, సెంటరే మేలు. ఇంట్లో రాస్తుంటే పిల్లవాడు తలుపు తీసినా, మీరు ప్రశ్న పైకి చదువుకున్నా పరీక్ష ఆపేయవచ్చు. పేరు విషయం మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోచోట, ఈఏడీలో భర్త పేరు కలిసి ఉండటం మామూలు. తీసుకెళ్లే గుర్తింపు కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రిజిస్టరు చేసుకోండి. లేకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు పోతుంది.

పాసైన ఏడాదిలోపు లైసెన్సుకు దరఖాస్తు చేయాలి, లేదంటే మళ్లీ పరీక్ష. వేలిముద్రలు ఇచ్చి, సిర్కాన్ లేదా ఎన్ఐపీఆర్ వెబ్‌సైటు ద్వారా 50 డాలర్లు కట్టి దరఖాస్తు పెడతారు. లైసెన్సు రెండేళ్లకు వస్తుంది. ఈలోగా 24 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి. యాన్యుటీలు అమ్మే ముందు నాలుగు గంటల శిక్షణ విడిగా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో అమ్మే హెల్త్ ప్లాన్లకు ఏటా విడి రిజిస్ట్రేషన్ ఉంటుంది.

మిమ్మల్ని చేర్పించినవాళ్లతో సంతకం చేసే ముందు కాంట్రాక్టు పూర్తి ప్రతి ఇంటికి తెచ్చుకుని చదవండి. మూడు సంగతులు వెతకండి. కమిషన్ ఎన్ని నెలలది ముందుగా ఇస్తారు? పాలసీ ఎన్ని నెలల్లోపు ల్యాప్స్ అయితే ఆ డబ్బు మీ దగ్గర వెనక్కి లాగుతారు? మీరు వేరే ఏజెన్సీకి మారాలనుకుంటే ఎన్నాళ్లు ఆపుతారు? మొదటి ఏడాది తెలిసినవాళ్లకూ, బంధువులకూ అమ్మిన పాలసీలు ఎనిమిదో నెలలో ఆగిపోతే, అప్పటికే ఖర్చయిపోయిన కమిషన్ అప్పుగా మారుతుంది. కమిషన్ నుంచి పన్ను ఎవరూ ముందుగా కోయరు, స్వయం ఉపాధి పన్నే 15.3 శాతం. అందుకే వచ్చే ప్రతి చెక్కులో కనీసం మూడో వంతు విడి ఖాతాలో వేసి ముట్టుకోకండి.