కంది రకాలకు డీఎన్ఏ పరీక్షలు... ఆ చదువుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది తాండూరు దగ్గర పల్లె. కంది పండిస్తాం. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీలో డీఎన్ఏ మార్కర్లతో కంది రకాల జన్యు వైవిధ్యం మీద పనిచేస్తానంటోంది. చెట్టును చూస్తే ఏ రకమో మేమే చెప్తాం కదా, దానికి ల్యాబ్ ఎందుకు? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: చెట్టును చూసి రకం చెప్పగలగడం చిన్న విషయం కాదండీ. అయితే ఒకే విత్తనం నల్లరేగడిలో ఒక ఎత్తు, చెల్క నేలలో ఇంకో ఎత్తు పెరుగుతుంది. వాన వెనకబడితే పూత సమయం కూడా మారుతుంది. డీఎన్ఏ నేలను బట్టి మారదు. పైగా కంది పూల మీద వాలే తేనెటీగలు పక్క చేను పుప్పొడి తెస్తాయి. ఇంట్లో దాచుకున్న విత్తనం కొన్నేళ్లకు కలగాపులగం అవుతుంది. పేరు పాతదే, లోపల సరుకు వేరు. కొత్త వంగడం తయారుచేసేవారికి దగ్గరి చుట్టాలు కాని మొక్కలు కావాలి. ఎవరు ఎవరికి చుట్టమో తేల్చేది ఈ మార్కర్లే, అంటే డీఎన్ఏలో రకానికీ రకానికీ తేడా చూపే గుర్తులే.

పని ఇలా ఉంటుంది. లేత ఆకును మెత్తగా నూరి, రసాయనం కలిపి 65 డిగ్రీల వేడి నీళ్లలో ఉంచి, క్లోరోఫాంతో శుభ్రం చేసి, చల్లటి ఐసోప్రొపనాల్ పోస్తే డీఎన్ఏ తెల్లటి దూది పోగులా తేలుతుంది. తర్వాత పీసీఆర్, అంటే డీఎన్ఏలో మనకు కావలసిన ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీయడం. ఆ తర్వాత ఆ ముక్కలను సైజును బట్టి విడదీసే జెల్ మీద గీతలు. అన్ని రకాలకూ గీత ఒకే చోట పడితే ఆ మార్కర్ మనకు ఏమీ చెప్పనట్టే. కందిలో ఇదే పెద్ద టెన్షన్. సాగులో ఉన్న రకాల మధ్య తేడాలు తక్కువ, వాటి అడవి చుట్టాల్లో ఎక్కువ. నెలల తరబడి ప్రైమర్లు (ఏ ముక్కకు నకలు తీయాలో చూపే చిన్న డీఎన్ఏ తునకలు) మార్చినా గీతలు ఒకే వరుసలో నిలబడి బెంగపడ్డ పిల్లలను చూశాను.

అందుకే ఒప్పుకునే ముందు అమ్మాయి గైడ్‌ను అడగాలి: నాటు రకాలు, అడవి రకాలు కూడా ఇస్తారా? పొలంలో ఎండు తెగులు, వెర్రి తెగులు తట్టుకోవడాన్ని కూడా లెక్కిస్తామా? 'ఆశ' కంది రకం మొత్తం డీఎన్ఏ వరుస (జీనోమ్) 2012లోనే వచ్చింది. మీకు ఎంతో దూరం లేని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు నడిపించిన పని అది. ఇప్పుడు డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడాను కూడా పట్టే ఎస్‌ఎన్‌పీ మార్కర్లు వేల సంఖ్యలో దొరుకుతుంటే, ఇరవై రకాలు, పదిహేను ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలను చూసే పాత రకం), చివర్లో ఒక చుట్టరికాల చెట్టు బొమ్మ గీసి ఊరుకుంటే ఇంటర్వ్యూలో ఎవరూ ఆగి వినరు. ఆ లెక్కలు తనే వేసుకునేలా గణాంకాల కోసం వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి.

ఇక ఉద్యోగం. కంది విత్తనం రైతులు చాలావరకు ఇంట్లోనే దాచుకుంటారు కాబట్టి ప్రైవేటు కంపెనీల చూపు మొక్కజొన్న, వరి, పత్తి, మిర్చి హైబ్రిడ్ల మీదే ఎక్కువ. అయితే హైబ్రిడ్ విత్తనం స్వచ్ఛత చూసే ల్యాబుల్లో చేసేది కూడా ఇదే మార్కర్ల పని. కందితో నేర్చుకున్న చెయ్యి అక్కడా పనికొస్తుంది. హైదరాబాద్ చుట్టూ అలాంటి ల్యాబులున్నాయి. మాలిక్యులర్ బయాలజీ కంటే జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో చేరి, థీసిస్‌లో మార్కర్లు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. పొలం, ల్యాబ్ రెండూ తెలిసినవారికి దారులు ఎక్కువ. అధ్యాపక, పరిశోధన పోస్టులు కావాలంటే సాధారణంగా నెట్ (జాతీయ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ చూసుకోవాలి. అంటే ఎమ్మెస్సీ రెండేళ్ల మీద ఇంకో మూడు నాలుగేళ్లు. వ్యవసాయ అధికారి పరీక్షకు బీఎస్సీ చాలు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అదీ రాయనివ్వండి.

ఈలోగా ఆమె థీసిస్‌కు నాటు రకాలు దొరికేలా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ చుట్టుపక్కల పాత నాటు కంది ఇంకా వేస్తున్నవారు ఉంటే, కోతల సమయంలో ఒక్కొక్కరి దగ్గర గుప్పెడు గింజలు అడిగి తీసుకోండి. ఒకదాంట్లో ఒకటి కలపకుండా విడి సంచుల్లో పోసి, ఊరు, రైతు పేరు, నేల రకం, ఎన్నేళ్లుగా వేస్తున్నారో సంచి మీద మీ అమ్మాయితో రాయించండి.