టెక్ సందేహాలు: పాత పెడల్ స్టీల్ గిటార్‌కు రెంచ్ కన్నా ముందు పట్టిక కావాలి

ప్రశ్న: 1970ల నాటిదని చెప్పిన పది తీగల పెడల్ స్టీల్ గిటార్ ఒకటి కొన్నాను. కింద మూడు పెడల్స్, మోకాళ్ల దగ్గర నాలుగు మీటలు ఉన్నాయి, మాన్యువల్ మాత్రం లేదు. పాఠాల వీడియోల్లో చూపిన స్వరాలకూ నా పెడల్స్ ఇచ్చే స్వరాలకూ పొంతన కుదరడం లేదు. మరలు తిప్పి నేనే సరిచేసుకోవచ్చా? ఫోన్‌లోని ట్యూనర్ యాప్ ఇందుకు సరిపోతుందా?

జవాబు: యాప్ సరిపోతుంది, కానీ మరల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. ఏ పెడల్ ఏ తీగను ఎంత పెంచాలి, ఏ మోకాలి మీట ఏ తీగను ఎంత దించాలి అన్నది వాయించే వ్యక్తి తన అలవాటును బట్టి మార్పించుకోగలిగే వాయిద్యం ఇది. కాబట్టి మీరు లోపం అనుకుంటున్నది గత యజమాని బాగా ఆలోచించి చేయించుకున్న ఏర్పాటు కావచ్చు. దాన్ని నమోదు చేసుకోకుండా చెరిపేస్తే మళ్లీ తెలుసుకునే దారి ఉండదు.

గిటార్‌ను దాని పెట్టెలోనే బోర్లా ఉంచి, అడుగుభాగాన్ని మంచి వెలుతురులో ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీయండి. పెడల్స్‌ను పైనున్న యంత్రాంగానికి కలిపే కడ్డీల పొడవులు సమానంగా ఉండకపోవచ్చు కనుక, విడదీసే ముందే ఏది ఎక్కడిదో గుర్తు పెట్టండి. ఆ తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో పది తీగలకు పది అడ్డు వరుసలు, ఏమీ నొక్కనప్పటి స్వరానికి ఒక నిలువు వరుస, ప్రతి పెడల్‌కూ ప్రతి మీటకూ ఒక్కో నిలువు వరుస గీసుకోండి. వాయిద్యకారులు కోపిడెంట్ అని పిలిచే పట్టిక ఇదే. ఒక్కో తీగను విడిగా మీటుతూ, పెడల్‌ను చివరిదాకా నొక్కి పట్టుకుని, యాప్ చూపిన స్వరాన్నీ సెంట్లనూ (పక్కపక్క స్వరాల మధ్య దూరమైన సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) రాయండి. యాంప్లిఫయర్ శబ్దాన్ని ఫోన్ మైకుకు వినిపించడం కన్నా ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యం సంకేతాన్ని ఫోన్‌కో కంప్యూటర్‌కో అందించే పెట్టె) ద్వారా కేబుల్‌తో కలిపితే ముల్లు నిలకడగా నిలుస్తుంది. లావు తీగల దగ్గర యాప్ తడబడితే పన్నెండో ఫ్రెట్ గీత మీద తీగను తేలికగా తాకి హార్మోనిక్ (ఒక సప్తకం పైన వినిపించే అదే స్వరం) పలికించండి.

పట్టిక పూర్తయ్యాక పోల్చి చూడాల్సింది ఇ9 అనే ప్రామాణిక శ్రుతితో. మీకు దూరంగా ఉన్న తీగ నుంచి లెక్కపెడితే వరుసగా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జీ షార్ప్, ఇ, బి, జీ షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. అన్నిటికన్నా ఎత్తు స్వరం మొదటి తీగది కాదు, మూడో తీగది. పాత తీగలు వదులై స్వరాలు ఆనవాలు పట్టలేనంతగా జారిపోయి ఉంటే వాటి మందాన్ని చూడండి: మొదటి రెండింటికన్నా మూడోది సన్నగా ఉంటే అది దాదాపు ఖాయంగా ఇ9 అమరికే. ఈ అమరికలో ఎ పెడల్ రెండు బి తీగలనూ రెండు సెమీటోన్లు పెంచి సీ షార్ప్ చేస్తుంది. బి పెడల్ రెండు జీ షార్ప్ తీగలనూ ఒక్క సెమీటోన్ పెంచి ఎ స్వరానికి తెస్తుంది. సి పెడల్ నాలుగో తీగనూ అయిదో తీగనూ చెరి రెండు సెమీటోన్లు పెంచుతుంది. ఎడమ నుంచి ఈ మూడూ ఎ, బి, సి క్రమంలో ఉంటే పెడల్ స్టీల్ వాయిద్యకారుడు బడ్డీ ఎమ్మన్స్ పేరుమీద ఎమ్మన్స్ సెటప్ అంటారు. సి, బి, ఎ అని తిరగేసి ఉంటే మరో వాయిద్యకారుడు జిమ్మీ డే పేరుమీద డే సెటప్ అంటారు. మధ్య పెడల్ రెండింటిలోనూ ఒకటే. మీ ఇబ్బందికి మూలం ఇక్కడే ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే డే సెటప్ గిటార్ ముందు కూర్చుని ఎమ్మన్స్ సెటప్ పాఠం చూస్తే రెండు చివరల ఉన్న పెడల్స్ తారుమారుగా పలుకుతాయి. రెండు సెటప్‌లతోనూ గొప్ప సంగీతం వచ్చింది, కాబట్టి ఇందుకోసం యంత్రాన్ని మార్పించడం కన్నా మీ సెటప్‌కు తగిన పాఠాలు వెతుక్కోవడం నాకు సబబుగా తోస్తుంది. మోకాలి మీటల విషయంలో ఇంతపాటి ఏకాభిప్రాయం కూడా లేదు. ఇ తీగలను ఎఫ్‌కు పెంచేది ఒకటి, డి షార్ప్‌కు దించేది ఒకటి మాత్రం తప్పకుండా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక యంత్రం ఆరోగ్యం. తీగ కుడి చివరన ఛేంజర్ అనే భాగంలో లోహపు వేలు లాంటి ముక్క మీదుగా వంగి దిగుతుంది, పెడల్ నొక్కినప్పుడు ఆ వేలు తిరిగి తీగను బిగిస్తుంది లేదా వదులుచేస్తుంది. నాలుగో తీగను మీటతో దించి వదలండి, స్వరం రాసుకోండి. అదే తీగను పెడల్‌తో పెంచి వదలండి, మళ్లీ రాసుకోండి. రెండుసార్లూ ఒకే చోటికి తిరిగి రాకపోతే, ఎండి జిగురుగా మారిన పాత నూనె, బలం తగ్గిన స్ప్రింగ్, అరిగిన కీలు, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. మొదట నూనెను అనుమానించండి. గట్టిపడిన జిడ్డును లైటర్లలో వాడే నాఫ్తాతో కరిగించి, తర్వాత కుట్టుమిషన్ నూనెను ఒక్కో చుక్క చొప్పున వేయవచ్చు. నాఫ్తా ఇట్టే అంటుకుంటుంది కనుక మంటకు దూరంగా, గాలి ఆడే చోట, చెక్క మీది మెరుపు పూతకు తగలకుండా గుడ్డ అడ్డం పెట్టి చేయాలి.

మరో పరీక్ష ఇంకా ముఖ్యమైనది. కుడివైపు పలక మీద కనిపించే నైలాన్ నట్లు పెడల్ నొక్కినప్పటి స్వరాన్ని సరిచేయడానికే ఉన్నాయి. ఆల్-పుల్ పద్ధతి గిటార్లలో, అంటే స్వరాన్ని పెంచడం, దించడం రెండూ కడ్డీని లాగడంతోనే జరిగేవాటిలో, పెడల్ నొక్కనప్పుడు వాటి కడ్డీల్లో కాస్త సడలింపు ఉండి తీరాలి. ఎవరైనా నట్టును అతిగా బిగిస్తే వేలు పూర్తిగా వెనక్కి వెళ్లలేక ఆ తీగ అసలు స్వరమే పైకి జరుగుతుంది, అప్పుడు ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలవదు. నట్టును కొంచెం వదులు చేసి చూడండి. పెడల్ నొక్కకుండానే తీగ స్వరం మారిందంటే అది అతిగా బిగించినదే. ఇది ఆల్-పుల్ యంత్రాలకే వర్తించే పరీక్ష. ఎమ్మన్స్ కంపెనీ పాత పుష్-పుల్ గిటార్లలోనూ, షో-బడ్ కంపెనీ తొలినాటి పుల్-రిలీజ్ గిటార్లలోనూ యంత్రాంగం వేరు, శ్రుతి చేసే క్రమం వేరు. అందుకే మీ మోడల్ ఏదో తేలేదాకా రెంచ్ పట్టవద్దన్నాను. పలక మీది పేరు, అడుగున ఉన్న సీరియల్ నంబరు, మీరు తీసిన ఫొటోలు, ఈ మూడింటితో ఆ గుర్తింపు సాధారణంగా కుదురుతుంది.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే మార్చండి, పాతదాని మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. తీగ మందం మారితే పెడల్ ఎంత దూరం కదలాలన్నదీ మారుతుంది. మూడో తీగ సాధారణంగా 0.011 అంగుళాలది. దాన్ని తెగే హద్దుకు దగ్గరగా బిగించక తప్పదు కనుక తరచూ తెగేదీ అదే. కొత్తది వేసిన ప్రతిసారీ ఛేంజర్ వేలు మీద ఒకే చోట తెగుతుంటే అక్కడ గాడి పడిందేమో భూతద్దంతో చూడండి.

ప్రశ్న: నా పెడల్ స్టీల్‌లో ప్రతి తీగనూ ట్యూనర్‌లో సరిగ్గా సున్నాకు తెస్తున్నాను. అయినా మూడు తీగలు కలిపి మీటితే కరకుగా వినిపిస్తోంది. యాప్‌లో లోపమా?

జవాబు: యాప్ తన పని సక్రమంగానే చేస్తోంది. అది చూపే సున్నా, సప్తకాన్ని పన్నెండు సమభాగాలుగా పంచే పద్ధతిలోని సున్నా. ఆ పద్ధతిలో మేజర్ థర్డ్ (ఉదాహరణకు ఇ నుంచి జీ షార్ప్ దాకా ఉన్న దూరం) 400 సెంట్లు, చెవికి నిశ్చలంగా వినిపించే సహజమైన మేజర్ థర్డ్ సుమారు 386 సెంట్లు. ఈ వాయిద్యంలో స్వరాలు చాలాసేపు నిలిచి మోగుతాయి కనుక 14 సెంట్ల ఆ తేడా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. ఇ తీగలను సున్నా దగ్గర ఉంచి, జీ షార్ప్ తీగలను 14 సెంట్లు తక్కువగా, బి తీగలను 2 సెంట్లు ఎక్కువగా పెట్టి చూడండి. ఎ, బి పెడల్స్ కలిపి నొక్కితే వచ్చే ఎ మేజర్‌లో ఎ స్వరం 2 సెంట్లు తక్కువగా, సీ షార్ప్ 16 సెంట్లు తక్కువగా ఉంటే తీగలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇవి శుద్ధమైన లెక్కలు. ఇతర వాయిద్యాలతో కలిసి వాయించేవారు చాలామంది సున్నాకూ వీటికీ మధ్య ఎక్కడో స్థిరపడతారు, నా సలహా కూడా అదే. కొన్ని ట్యూనర్లలో ఈ సవరణలు ఇ9 కోసం ముందే నింపి ఉంటాయి, లేదా మీరే నింపుకుని భద్రపరచుకోవచ్చు.

ఇంకొక విషయం. పెడల్స్ నొక్కినప్పుడు గిటార్ చట్రం పిసరంత వంగుతుంది, దానివల్ల పెడల్‌తో సంబంధం లేని తీగలూ కొన్ని సెంట్లు కిందికి జారుతాయి. నాలుగో తీగను మీటి, దాన్ని ముట్టుకోకుండా ఎ, బి పెడల్స్ నొక్కి, ట్యూనర్ ముల్లును చూస్తే మీ గిటార్‌లో ఈ జారుడు ఎంతో తెలుస్తుంది. తక్కువైతే పట్టించుకోనక్కర్లేదు. ఎక్కువైతే పెడల్ నొక్కని స్థితికీ నొక్కిన స్థితికీ మధ్యస్థంగా ఇ తీగలను శ్రుతి చేయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేస్తే గుయ్‌మనే శబ్దం వస్తోంది, స్వరం కూడా మందంగా ఉంది.

జవాబు: పాత పెడల్ స్టీల్స్‌లో చాలావాటికి సింగిల్ కాయిల్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) ఉంటుంది, అది చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రాలను కూడా పట్టేస్తుంది. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, వెలుగు తగ్గించే డిమ్మర్లను ఆపండి, గిటార్‌ను మెల్లగా పక్కకు తిప్పుతూ రొద తగ్గే దిశ వెతకండి. మందంగా ఉండటానికి కారణం వేరు. పికప్‌ను ఇంటర్‌ఫేస్‌లో మామూలు లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పై స్వరభాగాలు నలిగిపోతాయి. గిటార్ గుర్తు ఉన్న, దాదాపు పది లక్షల ఓంల ఇన్‌పుట్‌కే కలపాలి. కుడికాలి కింద వాడే వాల్యూమ్ పెడల్ పాతరకం పొటెన్షియోమీటర్ (నిరోధాన్ని మార్చే భాగం) ఉన్నదైతే అదీ కొంత తినేస్తుంది, గిటార్‌కూ దానికీ మధ్య ఒక బఫర్ (సంకేతం బలహీనపడకుండా దాటించే చిన్న పరికరం) పెడితే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. పెడల్ కదిపినప్పుడు మాత్రమే గరగర వస్తే దాని పొటెన్షియోమీటర్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పలుమార్లు ఆడించండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ మొదలైతే ఆ భాగాన్ని మార్పించండి.