లిపి నేర్పితే గోండి నిలబడుతుందా?

ఊళ్ళో పెద్దవాళ్ళు గోండిలో పిలిస్తే పిల్లలు తెలుగులో పలుకుతున్నారు, రాత్రిబడి పెట్టి గోండికి ఉన్న సొంత లిపి, గుంజాల లిపి నేర్పితే భాష నిలబడుతుందా అని కదా మీరు అడిగింది. నేను చూసినంతలో లిపితో మొదలుపెడితే నిలబడదు.

నేను తెలుగువాణ్ణి. ఉట్నూరు ఏజెన్సీలో ఆరేళ్ళు ప్రైమరీ స్కూల్లో పనిచేశాను. చేరిన మొదటి వారంలోనే ఒకటో తరగతి పిల్లాడు లేచి "ఏర్, ఏర్" అన్నాడు. పాపం కడుపులో బాగాలేదేమో, ఏటి వైపు వెళ్ళాలేమో అనుకుని బయటికి పంపించాను. వాడు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, వచ్చి కూర్చున్నాడు. గోండిలో ఏర్ అంటే నీళ్ళని మధ్యాహ్నం వంట చేసే ఆమె నవ్వుతూ చెప్పింది. ఆ ఏడాదంతా వాడు మళ్ళీ నన్నేమీ అడగలేదు. పైగా అప్పట్లో "క్లాసులో తెలుగే మాట్లాడాలి" అని గదమాయించేవాణ్ణి, వాళ్ళ మంచికే అనుకుని. ఇవాళ మీ ఊళ్ళో అమ్మానాన్నలు ఇంట్లో కూడా తెలుగులోకి మారుతున్నారంటే అందులో నాలాంటి మాస్టార్ల చెయ్యి ఉంది.

గుంజాల లిపిని తక్కువ చేయడం లేదు. నార్నూర్ మండలం గుంజాలలో ఆ రాతప్రతులు బయటపడటం, 2018లో ఆ లిపి కంప్యూటర్లలో, ఫోన్లలో రాసుకునేలా యూనికోడ్‌లోకి ఎక్కడం మీకు ఎంత గౌరవమో తెలుసు. కానీ లిపి లేక గోండి చదువు ఎప్పుడూ ఆగలేదు. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పాత ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు వాచకాలకు దేవనాగరి వాడారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోలామితో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు తెలుగు లిపి వాడారు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్ళు 29 లక్షల పైనే ఉన్నారు, అయినా ధీమా పడకండి. ఇక్కడ తెలుగు బడి, మహారాష్ట్రలో మరాఠీ బడి, ఛత్తీస్‌గఢ్‌లో హిందీ బడి. ఎక్కడి పిల్లలు అక్కడి బడి భాషలోకి జారిపోతున్నారు.

మా బడిలో కాస్త పనిచేసింది ఒకటే. ఆ వంటామె అత్తగారిని రోజూ ఒక గంట వచ్చి కూర్చోమన్నాం. ఆమెకు చదువు రాదు, తెలుగు అంతంతమాత్రం. అదే మా అదృష్టం, ఆమెతో గోండిలో తప్ప కుదరదు. చింతగింజలు పెట్టి "ఉండి, రండ్, మూంద్, నాలుంగ్" అని లెక్క పెట్టించేది. నెల తిరక్కుండా నీళ్ళ పిల్లాడు అందరికంటే గట్టిగా అరిచేవాడు. అక్కణ్ణించి "ఒకటి, రెండు, మూడు"కి రావడం వాళ్ళకు ఎంతసేపు? మూంద్‌కీ మూడుకీ దూరం ఎంతని! నాకు బదిలీ అయ్యాక ఆ గంట కాస్తా ఆగిపోయింది. ఊరు నడపాల్సిన పని మాస్టారు నడిపితే అంతే మరి.

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో మొదలుపెట్టిన కొహంగ రేఓ కూడా ఇలాంటిదే. ఆ మాటకు భాష గూడు అని అర్థం. బడి ఈడు రాని పిల్లల్ని పెద్దవాళ్ళ దగ్గర వదిలితే మావోరీలోనే ఆడిస్తారు, తినిపిస్తారు. అక్షరాల సంగతి తర్వాత.

కాబట్టి రాత్రిబడి మానకండి, కానీ దానికి వచ్చేది పదో తరగతి దాటిన కుర్రాళ్ళే. వాళ్ళకు గోండి ఎలాగూ వచ్చు. మీరు పట్టుకోవాల్సింది అంగన్‌వాడీ ఈడు పిల్లల్ని. ఇప్పపూలు ఏరే రోజుల్లో పిల్లల్ని అవ్వల వెంట పంపండి, చెట్ల పేర్లు అక్కడే వస్తాయి. అంగన్‌వాడీ టీచర్ గోండు ఆమె అయితే సగం పని అయినట్టే. పిల్లలతో గోండిలో మాట్లాడమని ఆమెను అడగండి, చాలామంది పైవాళ్ళు ఏమంటారోనన్న టెన్షన్‌తో మాట్లాడరు. ఆ టెన్షన్ తీరాలంటే సర్పంచ్, పటేల్ ఇద్దరూ వెళ్ళి చెప్పాలి.

ఆ అవ్వ పాడిన పాటలు కొన్ని రాసుకున్న నోటుబుక్కు ఇంకా నా దగ్గర ఉంది. కావాలంటే ఫోటోలు తీసి పెడతాను. తెలుగు లిపిలోనే ఉన్నాయి, చేతిరాత మాత్రం అడక్కండి.