మాత్ర వేసుకుని తాగుడు మానితే, మానింది మనమా, మాత్రా?

నాలుగు నెలలుగా రోజూ నాల్ట్రెక్సోన్ (తాగాలన్న కోరిక తగ్గించే బిళ్ళ) వేసుకుంటున్నాననీ, చుక్క ముట్టడం లేదనీ, ఇంట్లో అందరూ సంబరపడుతున్నా తనకు మాత్రం "మానింది నేను కాదు, బిళ్ళ" అనిపిస్తోందనీ ఇక్కడ ప్రశ్న అడిగిన అబ్బాయి రాశాడు. స్నేహితుల మధ్య పాటలు పాడి అందర్నీ నవ్వించేవాడినని, ఇప్పుడు అదే గుంపులో కూర్చుంటే తానెవరో తనకే తెలియడం లేదని కూడా రాశాడు. వయసు 32 అన్నావు కాబట్టి తమ్ముడూ అంటున్నాను. నాకు 54. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి 30 ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నాను. 24 ఏళ్ళు తాగి వాయించాను, 6 ఏళ్ళుగా అదే బిళ్ళ వేసుకుని, తాగకుండా వాయిస్తున్నాను.

ముందు ఒక మాట. "మందు మానడానికి మళ్ళీ మందా?" అని మనవాళ్ళు అడుగుతారు చూడు, ఆ మాట దగ్గరే సగంమంది ఆగిపోతున్నారు. తాగేదాన్నీ మందే అంటాం, జబ్బుకి వేసుకునేదాన్నీ మందే అంటాం. మా బావమరిది ఆ మాట అన్న రోజు నేను రెండు రోజులు మాత్ర మానేశాను. అప్పటినుంచి మా ఇంట్లో దాన్ని బిళ్ళ అనే అంటాం. ఆ ఒక్క మార్పు నాకు చాలా పనిచేసింది.

రెండోది, అందరూ చెప్పే షుగరు పోలిక. "షుగరుకి వేసుకోవట్లేదా, ఇదీ అంతే" అంటారు. మంచి మనసుతోనే అంటారు గానీ నాకది అతకలేదు. షుగరు బిళ్ళ నా కోరికల జోలికి రాదు. ఇది వస్తుంది. తాగితే కలిగే హాయిని మెదడులో కొన్ని తలుపుల దగ్గరే అడ్డుకుంటుందని, అందుకే తాగాలన్న గుంజుడు తగ్గుతుందని మా డాక్టరుగారు చెప్పారు. నా కోరికనే తాకేదాని మీద "ఇది నేనేనా" అన్న అనుమానం రావడం న్యాయమే. నీ అనుమానాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు.

దానికి నా జవాబు నాకు దొరికిన తీరు చెప్తాను. నాల్ట్రెక్సోన్ కంటే ముందు నాకు ఇంకో మాత్ర పడింది, నాకు తెలియకుండా. ఎవరో చెబితే మా ఆవిడ ఒక మందుల షాపులో డైసల్ఫిరామ్ (దాని మీద తాగితే ఒళ్ళు తిరగబడే మాత్ర) తెచ్చి పొడి చేసి పప్పుచారులో కలిపింది. ఆ సాయంత్రం నేను మామూలుగా క్వార్టర్ తాగాను. పది నిమిషాల్లో మొహం నిప్పులా కాలింది, గుండె దడదడలాడింది, వాంతులు, కళ్ళు చీకట్లు. ఆస్పత్రికి మోసుకెళ్ళారు. మా ఆవిడని నేను తప్పుపట్టను. ఆమె పడ్డదాంట్లో పదో వంతు నేను పడలేదు. కానీ "వారికి తెలియకుండానే ఇవ్వవచ్చు" అని గోడల మీద రాయించుకునేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాత్ర ఆగిపోయాక కూడా రెండు వారాల దాకా ఒంట్లో పనిచేస్తుంది. దాని మీద తాగితే బీపీ పడిపోతుంది, గుండె జబ్బున్నవాడికి ప్రాణమే పోవచ్చు. డెన్మార్క్‌లో దాని గుణం కనిపెట్టి 1948లో లోకానికి చెప్పిన ఇద్దరు పరిశోధకులు ముందు తామే మింగి చూసుకున్నారట. మనవాళ్ళు మాత్రం పప్పుచారులో కలుపుతున్నారు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఇంట్లో ఏ ముద్ద తిన్నా అనుమానంగానే తిన్నాను. నేను మనిషిని కాదు, పుండు పట్టిన గొడ్డుని, పట్టుకుని మందు పోయాల్సిందే అన్నట్టు అనిపించేది.

అందుకే నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాముల బిళ్ళ మొదటిసారి నా చేతిలో పెట్టి, డాక్టరుగారు పావుగంట కూర్చోబెట్టి ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు అని చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. తెలిసి, నా చేత్తో నేను వేసుకున్నది నా పనే అవుతుంది. ఎవడి పనీ కాదు.

ఇక నా పాట నాకు తిరిగి దొరికిన ఒక రాత్రి సంగతి. మాత్ర మొదలుపెట్టి మూడో నెల, శ్రీరామనవమి పందిట్లో నాటకం. మూడు నెలలుగా హార్మోనియం తిత్తి కూడా కదపలేదు. వేళ్ళు తడిస్తేనే పలుకుతాయని మా గుంపులో నమ్మకం, నా నమ్మకం కూడా. రంగు వేసుకుంటూ మా హరిశ్చంద్రుడు (అప్పటికి 20 ఏళ్ళ స్నేహం) సీసా నా వైపు జరిపి, "ఒరేయ్, బిళ్ళలు మింగినోడి చేతిలో పద్యం ఏం నిలుస్తుందిరా" అన్నాడు. సీసా తీసుకోలేదు. ధైర్యంతో కాదు. పొద్దున బిళ్ళ వేసుకున్నాను కదా, తాగినా ఏం తెలుస్తుందిలే అని.

మొదటి అంకం ఘోరం. మెట్ల మీద వేళ్ళు సరిగ్గానే పడుతున్నాయి, స్వరం సరైనదే, కానీ ఎండు కొబ్బరిలా ఉంది. చెమటలు పట్టాయి. బిళ్ళ నా సంగీతాన్ని తినేసింది, తెల్లారి ఈ పెట్టె అమ్మేస్తాను అనుకున్నాను. నక్షత్రకుడి సీన్లో జనం నవ్వుతుంటే నాకు ఎక్కడో దూరంగా వినిపించింది.

రెండున్నర దాటాక కాటి సీను. మా వాడు పద్యం ఎత్తుకున్నాడు, తారస్థాయికి వెళ్ళి రాగం తీస్తున్నాడు. అక్కడ శృతి జారాడు. వెంట్రుకవాసి. నాకు వినపడింది. వినపడటమే నాకు దెబ్బ కొట్టినట్టయింది, ఎందుకంటే ఆ చోట అతను 20 ఏళ్ళుగా జారుతూనే ఉండాలి, తాగి నేనూ అతనితోపాటే జారుతూ ఉండాలి. ఇద్దరం కలిసి పడిపోతే పడిపోయినట్టు ఎవరికి తెలుస్తుంది? నేను రాగం వెంట పరుగెత్తడం ఆపి పై షడ్జమం (పై 'స') ఒక్కటీ నొక్కి పట్టుకున్నాను. తిత్తి ఊదుతూ అలాగే ఉండిపోయాను. అతను ఒక్క క్షణం తడబడి, తిరిగి వచ్చి దాని మీద నిలబడ్డాడు. పందిరంతా నిశ్శబ్దం. తర్వాత "వన్స్ మోర్". రెండోసారి పద్యం ఎత్తుకున్నప్పుడు వేళ్ళు వాటంతట అవే నడిచాయి. తాగుడు నాకు సంగీతం ఇస్తోందని 24 ఏళ్ళు అనుకున్నాను. అది నా చెవుల్ని తీసుకుంది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది కానీ జరిగింది అది కాదు. తెల్లారి రంగు తుడుచుకుంటూ మా వాడు "ఏంటిరా, రాత్రి నన్ను మెడ పట్టుకుని కట్టేశావు" అన్నాడు. నవ్వలేదు. తర్వాతి కాంట్రాక్టుకి ఇంకో హార్మోనిస్టుని పెట్టుకున్నాడు. ఇప్పుడు వేరే గుంపుతో, చిన్న ఊళ్ళలో వాయిస్తున్నాను, డబ్బు తక్కువ. ఇంకోటి కూడా దాచను. తాగినప్పుడు నాకొక తెగింపు ఉండేది, నటుడు వదిలిన చోటు నుంచి ఎక్కడికో ఎగిరి దూకి, పడీ పడకుండా తిరిగొచ్చేవాణ్ణి. అది ఇంకా తిరిగి రాలేదు. పొద్దున్నే సాధనలో వెతుక్కుంటున్నాను. ఒకటీ అరా దొరుకుతోంది.

మా దగ్గర ఒక తాగుడు మానినవాళ్ళ గుంపుకి కొన్నాళ్ళు వెళ్ళాను. అక్కడ లేచి నిలబడి "నేను తాగుబోతుని" అని చెప్పుకోవడం చాలామందిని నిలబెట్టింది, కళ్ళారా చూశాను. నన్ను నిలబెట్టలేదు. రోజూ ఆ మాట అంటే నేను హార్మోనిస్టునన్న సంగతి వెనక్కి పోయేది. పైగా ఒక పెద్దాయన, బిళ్ళ మీద ఉన్నవాడిది నిజమైన మానుడు కాదన్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థే, తన సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తవద్దని, మందుల సంగతి వైద్యుడికే వదలమని రాసుకుంది. అది తెలిశాక ఆయన మాట నా గుండెల్లోంచి దిగింది.

మద్యనిషేధం గురించి కూడా ఎవరో నీ ప్రశ్న కింద రాశారు, షాపులు మూసేస్తే ఈ బిళ్ళలెందుకని. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం వచ్చింది. నేను మొదటి నాటకానికి వాయించింది ఆ ఏడే. దాని కోసం సారా మీద తిరగబడిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ పోరాటానికి ఈ రోజుకీ దండం పెడతాను. కానీ రంగు వేసుకునే గదిలో సారా లేని రాత్రి ఆ ఏడు నేను చూడలేదు. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు మా గుంపులో ఎవరికీ తేడా తెలియలేదు. దుకాణానికి తాళం పడింది, మా లోపల మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు.

నీకు పనికొచ్చేవి రెండు మూడు. నవ్వు కూడా నాది కాదనిపిస్తోందన్నావు. అది డాక్టరుకి ఇదే మాటల్లో చెప్పు. మోతాదు మార్చవచ్చు, అకాంప్రోసేట్ లాంటి వేరేది ఇవ్వవచ్చు, లేదా అది దిగులు జబ్బు కావచ్చు, దానికి వైద్యం వేరే. నీ అంతట నువ్వు ఆపకు. లివరు పరీక్షలు తప్పించకు. ఏ ఆపరేషన్ అయినా, పన్ను పీకించుకున్నా ఈ బిళ్ళ సంగతి ముందే చెప్పు, ఇది ఉండగా ట్రమడాల్ లాంటి కొన్ని నొప్పి మందులు సరిగా పనిచేయవు. ఇది చదివే ఇంకెవరైనా రోజూ బాగా తాగుతూ ఉంటే, ఒక్కసారిగా సొంతంగా మానొద్దు, ఫిట్స్ రావచ్చు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సాయం నంబరు (టెలి మానస్) 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆవిడ రోజూ బిళ్ళ మింగావా అని నాలుక చూస్తోందన్నావు. మా ఆవిడా చూసేది. ఐదు నెలలు చూసింది. ఒకరోజు నేనే అడిగాను, బిళ్ళా నీళ్ళగ్లాసూ హార్మోనియం పక్కన పెడతాను, పెట్టె మూత తీసే ముందు వేసుకుంటాను, పక్కగదిలో ఉన్న నీకు షడ్జమం వినిపిస్తే వేసుకున్నట్టు, అని. ఒప్పుకుంది. ఇప్పటికీ అంతే. మొదటి స్వరం వినగానే వంటింట్లోంచి కాఫీ గిన్నె చప్పుడు వస్తుంది.

నువ్వు పాటలు పాడేవాడినన్నావు గానీ ఏ శృతిలో పాడతావో రాయలేదు. తాగినప్పుడు గొంతు ఎక్కడ ఉందో మనకి తెలియదు. రేపు పొద్దున బిళ్ళ వేసుకున్నాక ఒక పల్లవి పాడి ఫోన్లో రికార్డు చేసి పంపు. విని నీ శృతి ఏదో రాస్తాను.