బ్యారియర్ మొదలు చూడు, అల్లుడూ

మెహదీపట్నం, హైదరాబాద్

చి॥ అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఫ్లైఓవర్ డ్రాయింగులు మొదటిసారి నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో మురిసిపోయింది. గిర్డర్లు, పియర్ల సంగతి మీ సీనియర్లు చూసుకుంటారు. అందరూ ఆఖర్న చూసి వదిలేసే క్రాష్ బ్యారియర్, అదే బండి కింద పడకుండా వంతెన అంచున కాసే గోడ గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు రెయిలింగ్‌నీ బ్యారియర్‌నీ ఒకే గాటన కట్టకు. ఫుట్‌పాత్ అంచున మనుషులు ఆనుకునే రెయిలింగ్‌కి ఐఆర్‌సీ-6 (వంతెనల మీద పడే భారాలకి మన దేశంలో వాడే కోడ్) అడిగేది మీటరుకు 1.5 కిలోన్యూటన్ల తోపు. బండి గుద్దే గోడ లెక్క వేరు. బ్యారియర్ పీ-2 రకమైతే ఒకటిన్నర టన్నుల కారు 80 కి.మీ. వేగంతో, 20 డిగ్రీల కోణంలో తగిలినా కాయాలి. పీ-3కి అదే కోణంలో 30 టన్నుల బండి, 60 కి.మీ. వేగం. లెక్క కట్టి చూడు, అడ్డంగా తోసే శక్తి పదకొండు రెట్లు. కింద రద్దీ రైలు పట్టాలుంటే పీ-3 తప్ప మరోటి ఒప్పుకోకు, ఖర్చని ఎవరు గొణిగినా సరే.

2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపులో వేగంగా వచ్చిన కారు పిట్టగోడ దాటి కింద పడింది. కింద నిలబడ్డ ఒకామె పోయింది. వంపు బయటివైపు బండి ఎప్పుడూ 20 డిగ్రీల్లోనే తగలాలని రూలేం లేదు. కోణం 30 అయితే ఆ శక్తి రెట్టింపు దాటుతుంది. అందుకే వంపుల దగ్గర కోడ్ కనీసంతో సరిపెట్టుకోకు.

ఇక అసలు సంగతి. గోడ బలమంతా శ్లాబ్‌లోంచి లేచే చువ్వల్లో ఉంటుంది. ఒక సైట్‌లో లారీ వెనక్కొచ్చి ఆ చువ్వల్ని పడుకోబెట్టింది. మేస్త్రీ పైపు తొడిగి మళ్లీ నిటారుగా వంచాడు. చూడ్డానికి బాగానే ఉంది, నేను సంతకం పెట్టేశాను. వానాకాలం వెళ్లాక గోడ మొదట్లో వెంట్రుకంత పగులు, దాని కింద తుప్పు చార. వేలితో తుడిస్తే గోరింటాకులా అంటుకుంది. పది మీటర్లు పగలగొట్టించాం. సగం చువ్వలు వంపు దగ్గరే విరిగి ఉన్నాయి. కాంక్రీటు పోసే రోజు నువ్వే వెళ్లి, వంగి చూడు.

శ్లాబ్ రెక్కని, అంటే గోడని మోస్తూ బయటికి చాచుకున్న శ్లాబ్ అంచుని, గోడకన్నా గట్టిగా డిజైన్ చెయ్యి. గుద్దినప్పుడు గోడ పోతే మళ్లీ పోసుకోవచ్చు, రెక్క చీలితే వంతెనే మూసెయ్యాలి.

గోడ బండిని ఒరుసుకుంటూ దారికి మళ్లించాలి, ఒక్కచోట పట్టెయ్యకూడదు. అప్రోచ్‌లో, అంటే వంతెన ఎక్కే దారిలో, అంచున ఉండే ఇనుప బీమ్ కాంక్రీటు గోడని కలిసే చోట బీమ్ వంగుతుంది, గోడ వంగదు. బండి వెళ్లి ఆ గోడ కొసకి ఢీకొంటుంది. అక్కడ బీమ్ మరీ వంగకుండా దాని స్తంభాలు దగ్గర దగ్గరగా వేయించు. తారు మళ్లీ వేసినప్పుడు పాత పొర గీకించమని నోట్‌లో రాయి, లేదంటే రెండు పొరలకి నీ గోడ పది సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. గోడ మీద పూలకుండీలు పెడతామంటే మాత్రం మొహమాటపడకుండా వద్దను. గుద్దితే అవి కింద జనం నెత్తిన పడతాయి.

ఎక్స్‌పాన్షన్ జాయింట్ (ఎండకి వంతెన సాగడానికి వదిలే సందు) దగ్గర గోడ ఎలా విడిపోతుందో చూపే షీట్ ఆదివారం పట్టుకురా. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

మీ మామయ్య